మిమికి సున్నా

ఏ దేశంవాళ్లు చూసినా ముద్దు రావాలని పెద్ద కళ్లు, బూరె బుగ్గలు పెట్టి మిమి అనే రోబో బొమ్మను తయారుచేశారు. మెదక్‌లో జనానికి చూపించే పరీక్షలో మార్కులు రాకపోతే ఆ ముఖం రద్దు. ఇంజనీరు దేవిక దాన్ని తెచ్చి, బీడీలు చుట్టుకుంటున్న యాదవ్వ ముందు పెట్టింది. మిమి కళ్లార్పి నవ్వింది.

“థూ! ఏం మొకం బిడ్డా ఇది? కోతిపిల్ల లెక్కున్నది!”

దేవిక ఏడుపు మింగి, ఫారంలో ‘ముద్దు: 0’ అని రాసింది. వెంటనే పోదామంటే అప్పటికే తెలంగాణ బంద్ మొదలైంది. బస్సుల్లేవు.

సాయంత్రం చూస్తే మిమి బుగ్గ మీద రూపాయంత కాటుక చుక్క ఉంది. యాదవ్వ దాని చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతోంది.

“వాడకట్టంత వచ్చి సూసిపోయిన్రు. పిల్లకు దిష్టి తగలదా?”

“పొద్దున థూ అన్నవ్ గదవ్వా!”

“గింత ముద్దుగున్నదాన్ని మొకం మీదనే ముద్దుగున్నదంటరా? ఏం సదువు సదివినవ్ బిడ్డా?”

దేవిక నవ్వుతూ ఫారం తీసింది. “పదికి పది రాస్తున్న అవ్వా.”

“వద్దు! గా కాయిదానికి గూడ దిష్టి తగుల్తది.”

దేవిక పదే రాసింది. పక్కనున్న సున్నాను మాత్రం కొట్టేయకుండా, పెన్నుతో నల్లగా నింపేసింది.