వందలో ఒకరు

“చెయ్యి వదిలావంటే ఊరుకోను,” అంది తల్లి.

చిట్టి వదల్లేదు. ఇద్దరూ రోడ్డు దాటారు. ఆసుపత్రి మెట్ల దగ్గర తల్లి ఆగింది. నాలుగు మెట్లెక్కి మళ్లీ ఆగింది. పైన డాక్టరు గదిలో చిట్టి రక్తం రిపోర్టు ఉంది.

ఆరేళ్ల కిందట మామూలు జ్వరానికని రక్తం తీస్తే బయటపడింది. నెత్తుట్లో ఉండకూడని ప్రొటీను ఏదో ఉందట.

“ఇది క్యాన్సర్ కాదమ్మా. చాలామందికి ఎప్పటికీ కాదు కూడా. ఏడాదికి వందలో ఒకరికి ముదురుతుంది. మనం చూస్తూ ఉండాలి, అంతే,” అన్నాడు డాక్టరు అప్పట్లో.

ఆనాటి నుంచి తల్లి చూస్తూనే ఉంది. తింటుంటే చూస్తుంది. నిద్రపోతుంటే చూస్తుంది. చిట్టిని బకెట్టు ఎత్తనివ్వదు, స్టూలు ఎక్కనివ్వదు. కోడి పిల్లను పొదువుకున్నట్టు పొదువుకుంటోందని వీధిలో నవ్వుకునేవారు.

ఆ వంద మందీ ఎవరో, ఎక్కడుంటారో ఆమెకు తెలీదు. ఈ ఏటికి ఎవరికో ఒకరికి ముదిరిపోయుంటే చిట్టి గట్టెక్కినట్టే కదా అనుకునేది. ఆ వెంటనే, ఎంత పాపిష్టి ఆలోచన అని లెంపలేసుకునేది.

తూకం దగ్గర నర్సు పుస్తకం చూసి పెదవి విరిచింది. “మూడు కిలోలు తగ్గింది. అమ్మ మాట వినట్లేదా?”

“తిండి ఎక్కడ తింటుంది? పళ్లెం పట్టుకుని వెంటపడాలి,” అంది తల్లి.

“అమ్మా! అందరి ముందూనా?”

“అందరికీ తెలియాలి నీ సంగతి. పుట్టినప్పట్నుంచీ ఇదే పంతం.”

నర్సు నవ్వింది. లోపల డాక్టరు నవ్వలేదు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే మనిషి, ఇవాళ కాగితం మీంచి తల ఎత్తలేదు.

“నడుం నొప్పి ఏమైనా ఉందా?”

“లేదు,” అంది చిట్టి.

“అబద్ధం. పక్క మీంచి లేవలేక మూలుగుతోంది. నాకు వినపడదనుకుంటోంది.”

చిట్టి తల దించుకుంది. “నువ్వు బెంగపడతావనే చెప్పలేదమ్మా.”

డాక్టరు కాగితం తల్లి వైపు తిప్పాడు, ఆమెకు చదవడం రాదని తెలిసి కూడా.

“ప్రొటీను రెట్టింపయింది. ముదిరిందేమో తేల్చుకోవాలి. తుంటి ఎముకలోకి సూది దించి, లోపలి మూలుగ తీసి పరీక్షకు పంపాలి.”

తల్లి లేచి వచ్చి చిట్టికి అడ్డంగా నిలబడింది.

“ఎముకలోకా? దానికొద్దు. నాది తీసుకోండి. మా ఇద్దరిదీ ఒకటే నెత్తురు కదా, మీకు కావాల్సింది నాలోనే దొరుకుతుందేమో.”

“అలా కుదరదమ్మా.” డాక్టరు ఫారం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. “పేషెంటు వయసు?”

“డెబ్భై ఒకటి బాబూ,” అంది తల్లి, చిట్టి నోరు తెరిచేలోపే, “నాకు తొంభై మూడు, వరసలో నేను కదా ముందుండాలి!”