రెండో గొంతు

"ఆ పట్టకారు నా తలకి తగిలించొద్దని చెప్పానా లేదా," అన్నారు మామయ్యగారు బల్ల అవతల నుంచి.

కోడలు చేతిలోని హెడ్‌ఫోన్ కింద పెట్టలేదు. "ఒక్క పాట, మామయ్యగారూ. నచ్చకపోతే మళ్లీ ఆ ఊసెత్తను."

"హెడ్‌ఫోన్లో వినే పాట చచ్చిన పాటమ్మా. పెట్టెలోంచి వచ్చేదే పాట."

ఆ ఇంటివాళ్లు స్పీకరు పెట్టెలు చేస్తారు. చెక్క కొయ్యడం నుంచి తీగలు అతికేదాకా అంతా ఇంటి వెనక షెడ్డులోనే. ఎవరెంత కష్టపడినా, చివరికి మామయ్యగారు కళ్లు మూసుకుని విని, పెట్టె వీపున సుద్దముక్కతో టిక్కు పెడితేనే అది గడప దాటుతుంది. ఆయనవి పాముచెవులని పేరు. మూలనున్న మర ఒక్క చుట్టు వదులైనా పాట మధ్యలోనే పట్టేస్తారు. ఇప్పుడు పెద్ద షాపువాళ్లు కోడలు తయారుచేసిన హెడ్‌ఫోన్ కావాలంటున్నారు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. టిక్కు పడకపోతే ఆమె ఏడాది శ్రమ అటకెక్కినట్టే.

"విని చూడండి, పోయేదేముంది. మీ చెవులేం అరిగిపోవు," అంది తీగలు చుడుతున్న అత్తయ్య.

"ఇందులో కొత్తేముందో ముందు చెప్పమను."

కోడలు అందుకోసమే కాచుకుని ఉంది. "గదిలో రెండు పెట్టెలు పెట్టుకుని వింటాం కదా, మామయ్యగారూ. ఎడమ పెట్టె మోత ఎడమ చెవితోనే ఆగిపోదు. కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తబడి కుడి చెవికీ చేరుతుంది. కుడిదీ అంతే. హెడ్‌ఫోన్ ఆ దారి మూసేస్తుంది. ఎటుది అటే. అందుకే పాట మన నెత్తి లోపల ఇరుక్కుపోయినట్టుంటుంది. నేను ఆ దారి మళ్లీ తెరిచాను. అటుది కొంచెం ఇటు, ఇటుది కొంచెం అటు. క్రాస్‌ఫీడ్ అంటారు దీన్ని."

"పక్కింటి గొడవ గోడ దాటి మనింట్లో వినపడ్డట్టన్నమాట," అంది అత్తయ్య.

"అదే అత్తయ్యా. గోడకి చిన్న కిటికీ పెట్టాను."

"పొద్దున నేనూ విన్నాను నాన్నా," అన్నాడు ఆమె భర్త, సాయం చేస్తున్నాననుకుని. "తేడా ఉంది. చిటికెడు ఉప్పంత."

"చిటికెడు దానికి ఇంత హడావుడి దేనికిరా?"

కోడలు భర్త వంక చూసిన చూపుకి ఎదురుగా ఉన్న చెక్క పాలిష్ ఊడిపోవలసిందే. అతను గబుక్కున ఉప్పుకాగితం అందుకుని, ఎప్పుడో నున్నబడిన పెట్టెనే మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

మామయ్యగారు నిట్టూర్చి తల వంచారు. కోడలు హెడ్‌ఫోన్ జాగ్రత్తగా పెట్టి, తీగ మధ్యలో ఉన్న చిన్న డబ్బా మీట కిందికి నొక్కింది. మొదట క్రాస్‌ఫీడ్ లేకుండా, మామూలు పద్ధతిలో. పాట ఆయనెప్పుడూ విననిది. ఆ వారమే స్నేహితురాలు రికార్డు చేసి ఇచ్చింది. ఆయన కాసేపు విని పెదవి విరిచారు.

"చెప్పానా. ప్రాణం లేదు."

"ఇప్పుడు వినండి." కోడలు పాటను మొదటికి తెచ్చి మీట పైకి లేపింది.

ముందు ఆయన వేళ్లు బల్లమీద కదిలాయి. తర్వాత కళ్లు తెరుచుకున్నాయి. ఉన్నపళంగా లేచి నిలబడ్డారు. తీగ లాగుడుకి డబ్బా బల్ల మీంచి జారితే, భర్త ఉప్పుకాగితం వదిలేసి దూకి పట్టుకున్నాడు.

"మళ్లీ పెట్టు," అన్నారు మామయ్యగారు.

మళ్లీ పెట్టింది. ఇంకోసారి కూడా పెట్టించుకున్నారు. తీగ సాగినంత మేరా అటూ ఇటూ నడుస్తూ, చేత్తో తాళం వేస్తూ విన్నారు.

"ఇది కదమ్మా పాటంటే. ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది. ఏమే, ఇన్నాళ్లూ ఈ పిల్లని తీగలు కత్తిరించే పనిలో పెట్టామే, మనకి బుద్ధుందా?"

"ఇందాక పట్టకారన్నారుగా," అంది అత్తయ్య.

"ఇందాకటి మాట ఇందాకే పోయింది." ఆయన హెడ్‌ఫోన్ తీసి బోర్లా పెట్టి, తలపట్టీ మీద ఈ చివర నుంచి ఆ చివరకి సుద్దతో టిక్కు గీశారు. పట్టీ చిన్నది, ఆయన సంబరం పెద్దది. సగం గీత బల్ల మీద పడింది.

భర్త అప్పటికే షాపువాళ్లకి ఫోన్ చేస్తూ వరండాలోకి పరుగెత్తాడు. అత్తయ్య చుట్టిన తీగంతా ఒళ్లోంచి జారి విడిపోయినా పట్టించుకోలేదు. కోడలికి కాళ్లు నేలమీద నిలవడం లేదు. అయినా దేన్నీ సగంలో వదలడం ఆమెకి చేతకాదు.

"మీ అబ్బాయికి చిటికెడే అనిపించింది. మీకింత తేడా ఎక్కడ దొరికింది, మామయ్యగారూ?"

"వాడిదీ ఒక చెవేనా." ఆయన పకపకా నవ్వారు. "మొదటిదాంట్లో పాపం ఆ పాడే ఆవిడ ఒక్కతే అడుగుతూ పోయింది. పలికే నాథుడు లేడు. రెండోదాంట్లో మొగుణ్ణి దించావు చూడూ, పక్కగదిలోంచి బదులిస్తున్నట్టు మెల్లగా. ఆ మగగొంతు కలపడంలోనే ఉంది నీ తెలివంతా."

నవ్వబోయిన కోడలి పెదవులు అలాగే ఆగిపోయాయి. ఆమె ఏ గొంతూ కలపలేదు. రెండుసార్లూ పెట్టింది ఒకటే పాట.

ఆమె హెడ్‌ఫోన్ తన తలకి పెట్టుకుని, మీట కిందికి నొక్కింది.

కుడివైపు నుంచి ఆవిడ అడిగింది. మామయ్యగారికి వినిపించని ఎడమ చెవి వైపు నుంచి ఆ మగగొంతు ప్రతి మాటకీ గట్టిగా, స్పష్టంగా బదులిస్తూనే ఉంది.