గొట్టాలు మూయాలా?

గోడల్లోని గొట్టాల్లోంచి ఇల్లంతటికీ గాలి పంపే ఏసీ ఒక్కటే. అదీ చచ్చి ఊరుకుంది.

"ఈ గొట్టాలన్నీ మూసేసి గదికొక ఏసీ పెట్టించుకోండమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మెకానిక్.

కోడలు సరేనంది. అత్తగారు ససేమిరా అంది.

"గొట్టాలు అలాగే ఉండాలి. మిషనొక్కటే మార్చండి" అనేసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

కోడలు వంటింట్లోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేసింది. "ఈవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనుకో" అని మొదలుపెట్టింది. రోజూ ఉండే ఫోనే. ఆ చివరి గదిలో తలుపేసుకుని కూర్చునే మనిషికి ఏం వినపడుతుంది? అలాగని అత్తగారు చెడ్డదేం కాదు. తలనొప్పిగా ఉందని కోడలు ఫోన్లో చెల్లెలితో తప్ప ఎవరితోనూ అనకపోయినా, కాసేపట్లో మాత్రా నీళ్ళూ పట్టుకొచ్చేస్తుంది. ఎలా పసిగడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతలో వంటింటి గోడ మీది గాలి జాలీలోంచి మెకానిక్ గొంతు వినపడింది. "మీ గదిలో జాలీ మూసెయ్యనా పెద్దమ్మా?"

"నా కోడల్ని అడుగు నాయనా" అంది అదే జాలీ, అత్తగారి గొంతుతో.

కోడలు ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆ జాలీలోంచి ఒక్క మాటా ఇటు రాలేదు. ఎలా వస్తుంది? ఆ గదిలో ఆవిడ మాట్లాడటానికి ఎవరున్నారు గనక?

"మూయకండి. మిషనొక్కటే మార్చండి" అంది జాలీకేసి చూస్తూ, గొంతు పెంచకుండానే. "అందరికీ కాఫీ పెడుతున్నాను."

"ఆ మూడుకాళ్ళ కుందేలు పట్టినావిడకి చక్కెర తగ్గించమ్మా" అంది జాలీ.