ప్రథమ ఫలం

"రిజెక్టయిన బోల్టుల్లో ఒకటి తక్కువుందండి లాజరు గారూ," అంది సర్టిఫికెట్ ఆడిట్‌కి వచ్చిన సత్యకుమారి. "విమానంలో బిగించే సరుకు. పనికిరానిది విరగ్గొట్టకుండా బయటికెళ్తే సర్టిఫికెట్ ఇవ్వరు."

కోరుకొండ రోడ్డులో ఆ వర్క్‌షాపు లాజరుదే. పొద్దుట్నుంచీ జవాబులు చెప్పి అలిసిపోయి ఉన్నాడు.

"చర్చిలో ఉందండి. మా మిషన్ మీద మొట్టమొదట వచ్చింది అదే. ప్రథమ ఫలమని కానుకిచ్చాను."

"దేవుడికి రిజెక్టు పీసా?"

లాజరు తల దించుకున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పుడు మంచివి వస్తున్నాయిగా. ఒకటి అక్కడ పెట్టి, దాన్ని తెచ్చేయండి."

లాజరు బండి తాళాలు తీసుకుని లేచాడు.

"తెస్తానండి. మీ ముందే విరగ్గొడతాను. బదులు పెట్టడానికి మాత్రం ఏం లేదు. మంచివన్నీ ఆర్డరిచ్చిన కంపెనీవి. నాదంటూ మిగిలేది రిజెక్టు పీసేనండి."