ఇప్పపూల కాలంలో సమ్మె

“రేపు శుక్రవారం మేం ఎవ్వరం బడికి రాం సార్. సమ్మె” అంది లిఖిత, హెడ్మాస్టరు టేబులు ముందు నిలబడి.

తుల్సీరాం సార్ తలెత్తలేదు. “అట్లనే బిడ్డా. ఇయ్యాల మాత్రం ఎవరొచ్చిన్రు?”

లిఖిత వెనక్కి తిరిగి చూసింది. ఏడో తరగతిలో తనొక్కతే. ఆరులో ఇద్దరు. మిగతా గదుల్లో బెంచీలు మాత్రం బుద్ధిగా కూర్చున్నాయి. ములకలపల్లి అడవి అంచున తండా అది. మార్చి నెల, ఒంటిపూట బడి. ఇంటిల్లిపాదీ ఏరి అమ్ముకునే ఇప్పపూలు రాలిపడేదీ పొద్దున్నే, బడి గంట మోగేదీ పొద్దున్నే. ఆ పోటీలో గంట ఏనాడూ గెలవలేదు.

పాపం, పిల్లకు ఒళ్లు మండింది. దేశదేశాల పిల్లలు శుక్రవారం బడి మానేసి, ఎండలు ముదిరిపోతున్నాయి, భూమిని కాపాడండి అంటూ రోడ్డెక్కడం ఫోన్లో చూసింది. అక్కడ బడి మానేస్తే మంత్రులకు చెమటలు పడుతున్నాయట. ఇక్కడ మానేస్తే సార్ తల కూడా ఎత్తడు. పోయినేడు ఎండలకు పూలు సగమే రాలాయని తండా అంతా గొల్లుమంది. రోడ్డు వెడల్పు చేస్తారట, దారి పొడుగునా ఇప్పచెట్లు కొట్టేస్తారట, వద్దని అడుగుదాం రండి అంటే మాత్రం అందరూ బుట్టలెత్తుకుని అడవిలోకి పోయారు. సర్పంచ్ దేవ్‌సింగ్ అయితే చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటే చూడనని అర్థం.

సార్ బాధ సార్‌ది. రేపే ఆఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు. బడి ఖాళీగా కనబడితే పక్కూరి బడిలో కలిపేస్తారు. ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. పూలయిపోనీ సారూ, అప్పుడు పంపిస్తం అన్నారంతా.

“మీ సమ్మెతోటి రేపు బడికి తాళమే బిడ్డా” అన్నాడు నీరసంగా. అట్టల మీద నినాదాలు రాసుకోవడానికి ఎర్ర పెయింటు ఇమ్మని లిఖిత అడిగితే, బీరువా పక్కనున్న డబ్బా చూపించి, మూత గట్టిగా పెట్టమన్నాడు. అంత మంచివాడు.

తెల్లారేసరికి బడి ముందున్న ఇప్పచెట్టుకు ఎర్ర ఇంటూ మార్కు పడి ఉంది. రోడ్డు వైపు ఒకటి, బడి వైపు ఒకటి. ఆ గుర్తు పడిన చెట్టు నిలవదని తండాలో చంటిపిల్లకు కూడా తెలుసు.

తండాలో ఏ ఇంటి ఇప్పచెట్టు ఆ ఇంటిదే, ఇంకొకరు ముట్టుకోరు. బడి చెట్టు మాత్రం బడి పిల్లలది. దాని పూలమ్మితేనే వాళ్లకు వాలీబాలు, క్యారంబోర్డు వచ్చాయి. కబురు అడవంతా పాకింది. పిల్లలు బుట్టలు ఎక్కడివక్కడ పడేసి పరుగెత్తుకొచ్చారు. సంక్రాంతి సెలవుల తర్వాత సార్ మొహం చూడనివాళ్లు కూడా వచ్చి, చేయీ చేయీ పట్టుకుని చెట్టు చుట్టూ కూర్చున్నారు.

లిఖిత రోడ్డు వైపు ఇంటూ చూసి, వంగి మరీ మళ్లీ చూసింది. సార్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఎందుకో మళ్లీ ఇంకోసారి తిరిగాడు.

తర్వాత లిఖిత గట్టిగా చెప్పింది. “మనం బడికి రాకపోతే ఎవరూ చూస్తలేరు. గందుకే మన సమ్మె అంటే అందరం బడికి వచ్చుడే. చెట్టు కొట్టనియ్యనని సర్పంచ్ మాటిచ్చేదాక రోజూ వస్తం.”

వంట చేసే కమ్లి గుండె గుభేలుమంది. వేసిన బియ్యం నాలుగు గుప్పెళ్లు. సమ్మె అంటే అన్నం మానాలి గదా, వీళ్లేంది పళ్లాలు పట్టుకొని కూసున్రు అని గొణుక్కుంటూ అటక మీంచి పెద్ద డేగిసా దించింది.

పిల్లల వెనక తల్లిదండ్రులు, తల్లిదండ్రుల వెనక సర్పంచ్ వచ్చారు. ఆ మార్కు తనకు తెలియదని దేవ్‌సింగ్ మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. అంతలో ఆఫీసు జీపు దిగింది. తనిఖీ ఆవిడ పిల్లల్ని చూసింది, చెట్టును చూసింది, ఇంత నిండుగా ఉన్న బడిని కలపమన్నదెవరని సార్‌నే అడిగింది. సార్‌కు కళ్లు చెమర్చాయి.

అంతమంది ముందు సర్పంచ్‌కు వేరే దారి లేకపోయింది. “ఈ చెట్టే కాదు, రోడ్డు పొంటి ఒక్క ఇప్పచెట్టు మీద గూడ గొడ్డలి పడనియ్య. ఎల్లుండి గ్రామసభల తీర్మానం చేయిస్త” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కమ్లి కూడా గరిటె పక్కన పెట్టి మరీ కొట్టింది.

అందరూ తిని వెళ్లిపోయారు. లిఖిత మాత్రం అట్టలు ఏరుతూ ఉండిపోయింది. సార్ బండిలోంచి కాస్త పెట్రోలు తీసి, గుడ్డ తడిపి, రోడ్డు వైపు ఇంటూ రుద్దడం మొదలుపెట్టాడు. బెరడులోకి ఇంకిన రంగు ఓ పట్టాన వదలలేదు. లిఖిత వచ్చి పక్కన నిలబడి చూస్తూ ఉంది.

సార్ తప్పు దొరికిన పిల్లాడిలా నవ్వాడు. “ఎవరికీ చెప్పకు బిడ్డా. బడి బతకాలని ఈ ఇంటూ నేనే ఏసిన.” తర్వాత చెట్టు అవతలి వైపు తొంగి చూసి, “గానీ ఒక్కటే ఏసిన. ఆ రెండోది ఎవరిదో పొద్దటిసంది సమజైతలేదు” అన్నాడు.

లిఖిత ఆయన చేతిలోని గుడ్డ అందుకుని, ముందుగా తన గోళ్లకంటిన ఎరుపు తుడుచుకుంది.