ఆరు దేశాల కంపెనీ

“ఆరు దేశాలా!” విద్యాధర్ పెన్ను కింద పెట్టేశాడు. “అమ్మా, కరీంనగర్‌ల ఒక కిరాణం పెట్టాలంటెనే జనం కిందమీద ఐతున్నరు. నువ్వేమో ఆరు దేశాలల్ల ఆఫీసులంటున్నవ్!”

వినోద తల ఎత్తలేదు. ముప్పై దాటని మనిషి. నుదుట బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, దాని నిండా కాగితాలు.

“గల్ఫ్‌ల మనోళ్లు సచ్చిపోతె శవాలు నెలలకు నెలలు ఆడనే పడి ఉంటున్నయ్ సార్. మన కంపెనీ పది రోజులల్ల ఇంటికి చేరుస్తది. ఆడ ఆఫీసులు, ఈడొక ఆఫీసు, ఎయిర్‌పోర్టు కాడ సొంత అంబులెన్సులు,” అంది గడగడా.

బస్టాండు వెనక ఓ మేడ మీద విద్యాధర్ నడిపే శిక్షణ అది. వారానికొక రోజు, ఆరు వారాలు. ఆకాశంలో తిరిగే ఆలోచనల్ని నేల మీదికి దించి, చేతనయ్యే వ్యాపారంగా మార్చడం ఆయన పని. ఆ పనిలో తనను మించినవాడు లేడని ఆయనే చెప్పుకుంటాడు. డ్రోన్లతో పాలు పంపుతానని ఎగిరెగిరి పడ్డ హుజూరాబాద్ ఓంప్రకాశ్ చేత నిరుడు ఓ పాత మోపెడ్ కొనిపించింది ఈయనే. ఆఖరి రోజు ఒక్కరిని ఎంపిక చేస్తారు. ఆ ఒక్కరికి ఏడాదిపాటు గది, ఫోను, కంపెనీ రిజిస్ట్రేషను అన్నీ ఉచితం.

మొదటి రోజే ఒక షరతు పెట్టాడు. “ఇంట్ల కష్టాలు ఈడ చెప్పద్దు. నేను దరఖాస్తులు తీసుకునే ఆఫీసర్‌ను గాను. నాకు ఐడియా చెప్పుండ్రి, గంతే.” అందరూ నవ్వారు. వినోద కవరు మూతి మడిచి పట్టుకుంది.

“సరే, నీకు కంపెనీయే ఎందుకు?” అని అడిగాడు ఆమెను.

“ఆడామె ఒక్కతి ఫోన్ చేస్తె ఎవ్వరు ఎత్తరు సార్. కంపెనీ కాయితం మీద ముద్దరేసి పంపితె జవాబన్న ఇస్తరు.”

మాటలో సత్తా ఉంది. విద్యాధర్‌కు నచ్చింది. ఇక కోయడం మొదలుపెట్టాడు.

రెండో వారం ఆరు దేశాలు ఒక్క సౌదీ అయ్యాయి. మూడో వారం సొంత అంబులెన్సులు పోయి కిరాయివి వచ్చాయి. నాలుగో వారం రాష్ట్రమంతా పోయి పెద్దపల్లి జిల్లా ఒక్కటే మిగిలింది. తమ ఐడియాను కోస్తుంటే మిగతావాళ్లు మొహాలు మాడ్చుకునేవాళ్లు. ఈమె మాత్రం “గట్లనే సార్. జల్ది ఐతదా మరి?” అని అడిగేది.

మంథని అవతల ఏదో ఊరు. రెండు బస్సులు మారి వచ్చేది. ఒక్క వారం మానలేదు. ఏ కాగితం వెనక ఏ కాగితం రావాలో కంఠతా అప్పజెప్పేది. ఆస్పత్రి రిపోర్టు, పోలీసుల చీటీ, పనిలో పెట్టుకున్న కఫీలు సంతకం, ఆపైన ఎంబసీ అనుమతి.

“చూడుండ్రి, రీసెర్చ్ అంటె గిది!” అని విద్యాధర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “మీ ఆయనేం జేస్తడు?” అన్నాడు.

“సౌదీకి పోయిండు సార్. ఆరేండ్లాయె.”

“ఇంకేం మరి! ఆయననే ఆడ నీ ఆఫీసనుకో. జీతం గూడ ఇయ్యనక్కర లేదు.”

మళ్లీ నవ్వులు.

“ఆయనను ఇంటికి తెప్పిచ్చుకునుడే ఐతలేదు సార్. కఫీలు సంతకం పెడ్తలేడు.”

“వస్తడు తియ్. ఫికర్ జెయ్యకు.”

వినోద మంచినీళ్ల కోసం లేచి వెళ్లింది. వచ్చేసరికి వేరేవాళ్ల వంతు నడుస్తోంది.

ఆఖరి రోజు వంశీధర్‌రావు వచ్చాడు. రైస్‌మిల్లులున్నాయి, ఈ శిక్షణకు డబ్బు పెట్టేది ఆయనే. వినోద చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు.

“మంచిగనే ఉందమ్మా. కని ఒక ఇంటికి ఒక్కసారె గద పని పడేది? వచ్చిన గిరాకీ మళ్ల రాకపోతె వ్యాపారం ఎట్ల నడుస్తది?”

కొండగట్టులో భక్తుల చెప్పులు భద్రం చేసే యాప్‌ను ఎంపిక చేసి, సమోసా తిని, కారెక్కి వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అయింది. వినోద కుర్చీలోంచి లేవలేదు. విద్యాధర్‌కు మనసు చివుక్కుమంది. పాపం, అందరికన్నా కష్టపడ్డ మనిషి. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పరేషాన్ గాకు. కంపెనీ వద్దు, ఆఫీసు వద్దు, జిల్లా గూడ వద్దు. జర చిన్నగ మొదలువెట్టు. ఒక్క శవాన్ని తెప్పియ్యి. ఒక్కటంటె ఒక్కటి.”

“ఒక్కటి సాలా సార్?”

“సాలు.”

“నాకు మొదటిసంది గదొక్కటే గావాలె సార్,” అంది.

విద్యాధర్ లోలోపల మురిసిపోయాడు. ఆరు దేశాల్ని ఒక్క మనిషి దాకా దించాడు మరి! బ్యాగులోంచి ఫారం తీశాడు.

“మొదటి కస్టమర్ దొరికిండ్రా?”

“దొరికిండ్రు.”

“నడుమల ఎనుకకు పోరు గద?”

“ఎటు పోతరు సార్.”

“ఐతె వివరాలు రాయి. నాకు తెలిసినోళ్లకు చెప్పి చూస్త. మాటైతె ఇయ్యలేను.”

ఆమె నిదానంగా రాసింది. కాగితం ఆయన చేతికిచ్చి, బస్సు పోతుందంటూ మెట్లు దిగింది.

విద్యాధర్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు: చనిపోయిన మనిషి శ్యాంసుందర్, వయసు ముప్పై నాలుగు, దమ్మాంలో ఓ ఆస్పత్రి శవాల గదిలో డెబ్భై ఒక్క రోజుల నుంచి, శవాన్ని అప్పజెప్పాల్సింది భార్య వినోదకు.