ఉదయం లేదా సాయంత్రం

పోయిన వస్తువుల ఆఫీసులో ఆ పూట ప్రోగ్రామర్‌కి పరీక్ష. నెగ్గితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే సోమవారం నుంచి ఇంట్లోనే.

బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒకసారైతే పెట్టుడు పళ్ళు కూడా. వాటిని వెతకడానికి అతను నెల రోజులు కూర్చుని ఒక పద్ధతి తయారుచేశాడు.

"ఒక్కో షరతూ ఒక ముక్కండీ" అని ఆఫీసరుగారికి చెప్పాడు. "గొడుగు ఒక ముక్క. నల్లది ఒక ముక్క. మధ్యలో 'మరియు' అనో 'లేదా' అనో పెట్టి అతికించొచ్చు. ముందు 'కాదు' తగిలిస్తే తిరగబడుతుంది. అతికించింది కూడా మళ్ళీ ముక్కే, ఇంకోదానికి అతుకుతుంది. రేపు వేరే డిపోల ప్రోగ్రామర్లు కూడా ఈ ముక్కలే వాడుకోవచ్చు."

"ముప్పై ఏళ్ళుగా నా బుర్రలో జరిగేదీ అదేగా నాయనా. దానికి కరెంటు కూడా అక్కర్లేదు" అంది స్టోర్‌కీపరమ్మ.

ఆఫీసరుగారు నవ్వి, క్యూలో ముందున్న ఆమెను లోపలికి పిలిచారు.

ప్రోగ్రామర్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మౌస్ కింద పడేసుకున్నాడు.

"పరీక్షంటే అంత కంగారేమిటయ్యా!" అని, ఆఫీసరుగారు ఆమె వైపు తిరిగారు. "ఏం పోయిందమ్మా?"

"స్టీలు లంచ్ బాక్సండీ. పచ్చ సంచిలో ఉంటుంది. నిన్న సాయంత్రం బస్సులో పోయిందట."

అతను ముక్కలు అతికించాడు. లంచ్ బాక్సు మరియు పచ్చ సంచి మరియు నిన్న సాయంత్రం. ఫలితం సున్నా.

"లేదండీ" అన్నాడు, ఎందుకో హుషారుగా.

స్టోర్‌కీపరమ్మ కిసుక్కున నవ్వింది. ఆఫీసరుగారు మొహం చిట్లించారు.

"పోనీ, 'ఉదయం లేదా సాయంత్రం' అని పెట్టి చూడండి" అంది వచ్చినామె తీయగా. "అతుకుతాయని ఇందాక చెబుతుంటే గుమ్మంలో విన్నాను."

ప్రోగ్రామర్ నుదురు తుడుచుకున్నాడు. గబగబా ఏదో కొట్టాడు. తెర మీద నాలుగు వందల పన్నెండు వస్తువులు! గొడుగులు, చెప్పులు, ఒక గిటారు.

"ఆవిడ అడిగింది తప్ప అన్నీ వచ్చాయే!" ఆఫీసరుగారు తెర మీదికి వంగారు. "అతికించిన ముక్కలన్నిటికీ ముందు ఆ 'కాదు' ఎందుకు తగిలించావు? తీసెయ్."

"తీయాలంటారా?"

"ఉద్యోగం కావాలా, వద్దా?"

తీశాడు. ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. ఆఫీసరుగారు గొంతెత్తి చదివారు.

"లంచ్ బాక్సు. పచ్చ సంచి. నిన్న ఉదయం ఎనిమిదీ నలభైకి ఆరో నంబరు బస్సులో దొరికింది. మూత తీయలేదు. నిండుగా ఉంది."

స్టోర్‌కీపరమ్మ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చెయ్యి బారుగా చాపి బాక్సు తెచ్చింది. "నేనైతే సాయంత్రం అరలు వెతికి ఊరుకునేదాన్ని. నీదే గెలుపు నాయనా" అని ఒప్పేసుకుంది.

"ఉద్యోగం ఖాయం!" ఆఫీసరుగారు ప్రోగ్రామర్ భుజం తట్టారు. అతని మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

ఆమె సంతకం పెట్టింది. బాక్సు సంచిలో సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, అతని వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"నిన్న మధ్యాహ్నం నా వంట తింటుంటే ప్రాణం లేచొచ్చిందన్నారు కదండీ, ఇవాళ కాస్త పెందలాడే ఇంటికి రండి, మొత్తం అలాగే ఉంది, వడ్డిస్తాను."